వైఫై, ఎల్‌టీఈ కలిసిన నెట్‌వర్క్‌ను ఎన్‌ఎస్‌-3లో సిమ్యులేట్ చేయడం: మొదటి నుంచి చివరి దాకా

ఇంటి వైఫై మీద వీడియో కాల్ మాట్లాడుతూ గేటు దాటి రోడ్డు మీదికి వస్తే ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది. మారే ఆ క్షణంలో కాల్ ఎంతసేపు ఆగుతుంది? వైఫైని కాస్త ముందే వదిలేస్తే మేలా, చివరిదాకా పట్టుకుని ఉంటే మేలా? ఇలాంటివి సిమ్యులేషన్‌లో చూడాలంటే ఒకే మోడల్‌లో వైఫై, ఎల్‌టీఈ (అంటే 4జీ మొబైల్ డేటా) అనే రెండు రేడియో టెక్నాలజీలు పెట్టాలి. అందుకు ఎన్‌ఎస్‌-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్ వాడదాం.

బీటెక్, ఎంటెక్ ప్రాజెక్టుల్లో ఈ అంశం చాలామంది తీసుకుంటారు. వైఫై ఉదాహరణ ఫైలు ఒకటి, ఎల్‌టీఈది ఒకటి తెచ్చి కలిపితే ప్రోగ్రాం నడుస్తుంది, గ్రాఫ్ కూడా వస్తుంది. అయితే ఆ గ్రాఫ్‌ను నమ్మవచ్చా అన్నది వేరే సంగతి. రెండు రేడియోలు ఒకదాన్నొకటి అసలు పట్టించుకోకపోయినా సిమ్యులేటర్ ఏమీ అనదు, అంకెలు ఇచ్చేస్తుంది. అందుకే కోడ్ మొదలుపెట్టకముందే ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: మీ మోడల్‌లో రెండు రేడియోల మధ్య ఉమ్మడిగా ఉన్నది ఏమిటి?

1. ఉమ్మడిగా ఉన్నదేమిటో రాసుకోండి

సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఉమ్మడి పరికరం: ఒకే ఫోన్‌లో వైఫై, ఎల్‌టీఈ ఉంటాయి, ట్రాఫిక్ ఏ దారిన పోవాలన్నదే సమస్య. రెండోది ఉమ్మడి స్పెక్ట్రమ్: 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై, బ్లూటూత్, జిగ్‌బీ ఒకే గాలిని పంచుకుంటాయి, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డు. మూడోది ఉమ్మడి దారి: పొలంలో సెన్సర్లు జిగ్‌బీ, లోరా లాంటి తక్కువ కరెంటు రేడియోల మీద గేట్‌వేకి డేటా పంపితే, అక్కడి నుంచి ఎల్‌టీఈ దాన్ని సర్వర్‌కు చేరుస్తుంది.

ఈ మూడింటికి మూడు రకాల మోడళ్లు కావాలి. మొదటి రకంలో కష్టమంతా రూటింగ్‌లో ఉంటుంది, రెండో రకంలో ఫిజికల్ లేయర్‌లో. మూడో రకం తేలిక, గేట్‌వే నోడ్‌లో రెండు పరికరాలు పెట్టి ఒకదాని డేటాను ఇంకోదానికి అందిస్తే చాలు. ఈ మార్గదర్శిలో మొదటి రకాన్ని పూర్తిగా కడదాం, ఆ తర్వాత రెండో రకం సంగతి చూద్దాం.

2. సాధనం, ఇన్‌స్టలేషన్

ఓమ్నెట్ ప్లస్ ప్లస్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో ఐనెట్ లైబ్రరీ, దాని మీద పీసా విశ్వవిద్యాలయం వాళ్ల సిము5జీ కలిపి వాడవచ్చు. మ్యాట్‌ల్యాబ్ ఫిజికల్ లేయర్ లెక్కలకు బాగుంటుంది. రూటింగ్, టీసీపీ, రెండు రేడియోలు అన్నీ ఒకచోట కావాలంటే నా ఓటు ఎన్‌ఎస్‌-3కే. 2008లో మొదటి విడుదల వచ్చింది, జీపీఎల్ లైసెన్స్, సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. ఎల్‌టీఈ మాడ్యూల్‌ను బార్సిలోనా దగ్గరున్న సీటీటీసీ పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పాత ఎన్‌ఎస్‌-2 కోడ్ ఇందులో నడవదు. రెండూ వేర్వేరు సిమ్యులేటర్లు.

ఉబుంటు గానీ, విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) గానీ చాలు. సీ ప్లస్ ప్లస్ కంపైలర్, సీమేక్, పైథాన్ 3 ఉండాలి. 3.36 వెర్షన్ నుంచి పాత బిల్డ్ సాధనం వాఫ్ తీసేసి సీమేక్ తెచ్చారు కాబట్టి, వాఫ్ ఆదేశాలు చూపించే పాత ట్యుటోరియల్స్‌ను అలాగే వాడితే పనిచేయవు. ఉదాహరణలు, టెస్టులు ఆన్ చేసి కాన్ఫిగర్ చేయండి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ మధ్యలో సిస్టమ్ ఫ్రీజ్ అయితే టెన్షన్ పడకండి, ఒకేసారి నడిచే కంపైల్ పనుల సంఖ్యను రెండుకు తగ్గించండి. నేర్చుకునేటప్పుడు డీబగ్ బిల్డ్, చివరి రన్‌లకు ఆప్టిమైజ్డ్ బిల్డ్ వాడాలి. ఆప్టిమైజ్డ్‌లో లాగ్ సందేశాలు, అసర్ట్ తనిఖీలు ఉండవు. అందుకే దాన్ని మొదట్లోనే వాడితే తప్పులు దాక్కుంటాయి.

3. నెట్‌వర్క్ కట్టడం

మన బొమ్మ ఇది: ఒక సర్వర్, ఒక ఎల్‌టీఈ బేస్ స్టేషన్, ఒక వైఫై యాక్సెస్ పాయింట్, నడుచుకుంటూ వెళ్లే ఒక ఫోన్. ఫోన్ వైఫై దగ్గర మొదలై సెకనుకు 1.4 మీటర్ల వేగంతో దూరంగా పోతుంది. 100 సెకన్లలో 140 మీటర్లు. బేస్ స్టేషన్, యాక్సెస్ పాయింట్, ఫోన్ మూడింటికీ మొబిలిటీ మోడల్ పెట్టాలి. కదలనివాటికి కూడా స్థానం కావాలి.

ఎల్‌టీఈ వైపు ఈపీసీ (ఎల్‌టీఈ కోర్ నెట్‌వర్క్) హెల్పర్ పెడితే కోర్ నెట్‌వర్క్ దానంతట అదే తయారవుతుంది. అందులోంచి బయటి ఇంటర్నెట్‌కు ద్వారమైన పీజీడబ్ల్యూ నోడ్‌ను సర్వర్‌తో పాయింట్ టు పాయింట్ లింక్‌తో కలపాలి. ఇక్కడ వరస ముఖ్యం: మొదట మొబిలిటీ, తర్వాత ఎల్‌టీఈ పరికరాలు, తర్వాత ఫోన్ మీద ఇంటర్నెట్ స్టాక్, తర్వాత ఐపీ అడ్రస్, అన్నిటికన్నా చివర అటాచ్ (ఫోన్‌ను బేస్ స్టేషన్‌కు కలపడం). అటాచ్ చేసినప్పుడే డిఫాల్ట్ బేరర్ (ఫోన్ డేటా వెళ్లే దారి) మొదలవుతుంది కాబట్టి, అప్పటికి ఫోన్‌కు అడ్రస్ ఉండి తీరాలి.

వైఫై వైపు ఇలాంటి సౌకర్యం లేదు. యాక్సెస్ పాయింట్‌కు బయటి లోకం తెలియదు. దానికీ సర్వర్‌కూ మధ్య తీగ లింక్ మీరే వేయాలి. ఆ లింక్ ఆలస్యాన్ని ఆలోచించి పెట్టండి. ఎల్‌టీఈ ఉదాహరణ ఫైల్లో సర్వర్ లింక్ ఆలస్యం 10 మిల్లీసెకన్లు. వైఫైకి 2 మిల్లీసెకన్లు పెట్టి, “వైఫైలో ఆలస్యం తక్కువ” అని రిపోర్టులో రాస్తే, మీరు కొలిచింది తీగను, రేడియోను కాదు. పోల్చడమే ఉద్దేశమైతే రెండు లింకులకూ ఒకే విలువ ఇవ్వండి.

4. అడ్రసులు, రూట్లు

ఎక్కువ ప్రాజెక్టులు ఇరుక్కునేది ఇక్కడే. అందుకని నెమ్మదిగా వెళ్దాం.

ఎల్‌టీఈ వైపు ఫోన్‌కు 7.0.0.0 నెట్‌వర్క్‌లో అడ్రస్ వస్తుంది, గేట్‌వే 7.0.0.1. వైఫై వైపు మనం 10.1.1.0 తీసుకుందాం. గ్లోబల్ రూటింగ్ హెల్పర్‌ను పిలిస్తే అన్నీ సర్దుకుంటాయని ఆశపడవద్దు, ఈపీసీ ఉన్నచోట స్టాటిక్ రూట్లే రాయాలి. సర్వర్‌లో రెండు: 7.0.0.0కు వెళ్లేవి పీజీడబ్ల్యూ వైపు, 10.1.1.0కు వెళ్లేవి యాక్సెస్ పాయింట్ వైపు. ఫోన్‌లో డిఫాల్ట్ రూట్ ఒకటి.

ఆ డిఫాల్ట్ రూట్‌ను దగ్గరగా చూడండి. ఉదాహరణ ఫైల్లో గేట్‌వే అడ్రస్ పక్కన ఇంటర్‌ఫేస్ నంబర్ 1 అని ఉంటుంది. ఫోన్‌లో ఎల్‌టీఈ ఒక్కటే ఉంటే అది సరైనదే, ఎందుకంటే 0 అంటే లూప్‌బ్యాక్, 1 అంటే ఎల్‌టీఈ. మీరు వైఫైకి ముందు అడ్రస్ ఇచ్చి, తర్వాత ఎల్‌టీఈకి ఇచ్చారనుకోండి. ఇప్పుడు 1 అంటే వైఫై, 2 అంటే ఎల్‌టీఈ. 7.0.0.1కు పోవాల్సిన ప్యాకెట్లు వైఫై మీదికి వెళ్తాయి, అక్కడ ఆ అడ్రస్ ఎవరిదీ కాదు, ఈ అడ్రస్ ఎవరిదని అడిగే ఏఆర్‌పీకి జవాబు రాదు, ప్యాకెట్లు పోతాయి. ఎర్రర్ సందేశం ఒక్కటీ రాదు. అందుకే నంబర్‌ను చేత్తో రాయకుండా, ఫలానా పరికరానికి ఇంటర్‌ఫేస్ నంబర్ ఎంత అని ఐపీవీ4 ఆబ్జెక్ట్‌నే అడిగి తీసుకోండి. ఆ తర్వాత రూటింగ్ టేబుల్‌ను ప్రింట్ చేసి కళ్లతో చూడండి.

ఇంకొకటి. ఫోన్‌లో డిఫాల్ట్ రూట్ మార్చినంత మాత్రాన డౌన్‌లోడ్ దారి మారదు. సర్వర్ 7తో మొదలయ్యే అడ్రస్‌కు పంపితే అది ఎల్‌టీఈ మీదే వస్తుంది, 10.1.1తో మొదలయ్యే అడ్రస్‌కు పంపితే వైఫై మీదే వస్తుంది. ఫోన్ రూట్ మార్చితే మారేది అప్‌లోడ్ మాత్రమే. వీడియో చూడటం లాంటి డౌన్‌లోడ్ ట్రాఫిక్‌ను మార్చాలంటే సర్వర్ వైపు రెండు సాకెట్లు ఉన్న చిన్న అప్లికేషన్ క్లాస్ రాసి, ఏ అడ్రస్‌కు పంపాలో ఒక గుర్తుతో చెప్పాలి. ఫోన్ నిర్ణయం సర్వర్‌కు తెలియడానికి కొంత సమయం పడుతుంది కదా, ఆ ఆలస్యాన్ని కూడా కలపండి. ఆ క్షణంలోనే సర్వర్‌కు తెలిసినట్టు రాస్తే ఫలితం నిజం కన్నా అందంగా వస్తుంది.

టీసీపీ అయితే కనెక్షన్ రెండు అడ్రసులకు, రెండు పోర్టులకు కట్టుబడి ఉంటుంది. ఫోన్ అడ్రస్ మారితే కొత్త కనెక్షన్ తెరవాల్సిందే. నిజ జీవితంలో దీనికి, ఒకే కనెక్షన్‌ను రెండు దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీ ఉంది, దాని ప్రస్తుత ప్రమాణం 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8684. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా రిలీజ్ 16లో ఏటీట్రిపుల్‌ఎస్ పేరుతో ఇలాంటి ఏర్పాటు చేసింది. ఎన్‌ఎస్‌-3 మూల కోడ్‌లో మల్టీపాత్ టీసీపీ లేదు. మొదటి ప్రాజెక్టుకు, కనెక్షన్ అక్కర్లేని యూడీపీతోనే పని కానివ్వండి.

5. రెండు రేడియోలకూ ఒకే గాలి ఇవ్వండి

డిఫాల్ట్ విలువలు వదిలేస్తే ఏమవుతుందో చేత్తో లెక్క వేద్దాం. ఎల్‌టీఈ హెల్పర్ డిఫాల్ట్‌గా ఫ్రీస్ మోడల్ వాడుతుంది, అంటే మధ్యలో ఏ అడ్డూ లేని ఖాళీ జాగా. డిఫాల్ట్ డౌన్‌లింక్ 2120 మెగాహెర్ట్జ్. 100 మీటర్ల దూరంలో నష్టం సుమారు 79 డీబీ. బేస్ స్టేషన్ పవర్ 30 డీబీఎం కాబట్టి ఫోన్‌కు అందేది సుమారు −49 డీబీఎం.

వైఫై డిఫాల్ట్ ఛానల్ లాగ్ డిస్టెన్స్ మోడల్ వాడుతుంది, అంటే దూరం పెరిగేకొద్దీ ఒక ఘాతం ప్రకారం నష్టం పెరుగుతుంది. ఘాతం 3, ఒక మీటర్ దగ్గర నష్టం 46.7 డీబీ. 100 మీటర్లకు 46.7 ప్లస్ 60, అంటే 106.7 డీబీ. వైఫై పవర్ 16 డీబీఎం. అందేది సుమారు −91 డీబీఎం.

రెండింటికీ మధ్య 42 డీబీ తేడా. అందులో 14 డీబీ పవర్ వల్ల, అది న్యాయమే. మిగతా 28లో సుమారు 8 డీబీ రెండు ఫ్రీక్వెన్సీల తేడా వల్ల, 20 డీబీ మాత్రం ఎల్‌టీఈని మైదానంలోనూ వైఫైని గోడల మధ్యా పెట్టడం వల్ల వచ్చింది. దీన్ని బట్టి “ఎల్‌టీఈ మేలు” అని తేల్చడం వైఫైకి చేసిన అన్యాయం. రెండింటికీ ఒకే రకం మోడల్ పెట్టండి: లాగ్ డిస్టెన్స్ అయితే రెండింటికీ అదే, రెఫరెన్స్ నష్టం మాత్రం ఆయా ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు. లేదా 3జీపీపీ మోడళ్లు ఎన్‌ఎస్‌-3లోనే ఉన్నాయి, వాటిని తీసుకోండి. బేస్ స్టేషన్ వీధి చివర, వైఫై ఇంట్లో ఉన్న పరిస్థితి కావాలంటే తేడా పెట్టవచ్చు, కానీ అది మీరు తెలిసి పెట్టిన తేడా కావాలి, రిపోర్టులో కనపడాలి.

6. ఎప్పుడు మారాలి

వైఫై తెగిపోయాకే ఎల్‌టీఈకి మారదాం అనుకుంటే ఏమవుతుంది? ఎన్‌ఎస్‌-3లో స్టేషన్ (ఇక్కడ ఫోన్) వరసగా 10 బీకన్లు, అంటే యాక్సెస్ పాయింట్ తన ఉనికి చెబుతూ పంపే ఫ్రేములు, అందకపోతేనే కనెక్షన్ పోయిందని తేలుస్తుంది. బీకన్ 102.4 మిల్లీసెకన్లకు ఒకటి. అంటే సెకను పైగా ఫోన్ చచ్చిన వైఫై మీదే ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. వీడియో కాల్‌కు అది చాలా ఎక్కువ.

కాబట్టి సిగ్నల్ బలం చూసి ముందే మారాలి. వైఫై ఫిజికల్ లేయర్‌లోని మానిటర్ స్నిఫర్ ఆర్‌ఎక్స్ అనే ట్రేస్‌కు మీ ఫంక్షన్ తగిలిస్తే, అందుకున్న ప్రతి ఫ్రేమ్‌కూ డీబీఎంలో విలువ వస్తుంది. యాక్సెస్ పాయింట్ బీకన్ల విలువలకు సగటు కట్టండి. −80 కన్నా తగ్గితే ఎల్‌టీఈకి, తిరిగి −72 దాటితే వైఫైకి అని మొదలుపెట్టండి. డిఫాల్ట్ పవర్, ఘాతం 3తో లెక్క వేస్తే −80 వచ్చేది సుమారు 44 మీటర్ల దగ్గర, −72 సుమారు 24 మీటర్ల దగ్గర. మధ్యలో 20 మీటర్ల ఎడం ఉంది కాబట్టి ఫోన్ అటూ ఇటూ ఊగిసలాడదు. రెండు హద్దులూ ఒకటే పెట్టి ఫేడింగ్ (సిగ్నల్ క్షణక్షణం హెచ్చుతగ్గులు కావడం) కలిపి చూడండి, సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో మీకే తెలుస్తుంది.

ఎల్‌టీఈ వైపు ఆర్‌ఎస్‌ఆర్‌పీ కూడా ట్రేస్‌గా దొరుకుతుంది. దాన్ని నేరుగా వైఫై ఆర్‌ఎస్‌ఎస్‌ఐతో పోల్చవద్దు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఒక సబ్‌క్యారియర్ తాలూకు పవర్, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మొత్తం ఛానల్ తాలూకు పవర్. ఎల్‌టీఈ ఛానల్‌ను రిసోర్స్ బ్లాకులుగా విభజిస్తారు, 25 బ్లాకులంటే 300 సబ్‌క్యారియర్లు. ఆ లెక్కనే దాదాపు 25 డీబీ తేడా వస్తుంది. “ఏది ఎక్కువుంటే అది” అన్న సూత్రం రాస్తే ఫోన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు వైఫైనే పట్టుకుని ఉంటుంది. పోల్చాలంటే రెండింటినీ ఎస్‌ఐఎన్‌ఆర్‌లోకో (అడ్డంకులు, నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందన్న కొలత), అంచనా వేగంలోకో మార్చి పోల్చండి.

7. ట్రాఫిక్, కొలత

అప్లికేషన్లను సున్నా సెకను దగ్గర మొదలుపెట్టవద్దు. వైఫై అసోసియేషన్, ఎల్‌టీఈ కనెక్షన్ అయ్యేదాకా ఒక సెకను ఆగి మొదలుపెట్టి, ఆ తర్వాతే కొలవండి. ఎల్‌టీఈలో ప్యాకెట్లు పంపేదాకా వేచి ఉండే ఆర్‌ఎల్‌సీ బఫర్ డిఫాల్ట్‌గా 10 కిలోబైట్లే. 1500 బైట్ల ప్యాకెట్లు ఆరేడు పడితే నిండిపోతుంది, టీసీపీ వేగం ఎందుకు పడిపోయిందో అర్థం కాదు. దాన్ని పెంచి, ఎంతకు పెంచారో రాయండి.

ట్రాఫిక్ వేగం, ఆలస్యం కొలిచే ఫ్లో మానిటర్‌ను అన్ని నోడ్ల మీదా పెట్టకండి. కోర్ నెట్‌వర్క్ లోపల అవే ప్యాకెట్లు యూడీపీ 2152 పోర్ట్ మీద జీటీపీ టన్నెల్‌లో వెళ్తాయి. వాటిని కూడా వేరే ఫ్లోలుగా లెక్కేస్తుంది. సర్వర్, ఫోన్ మీద మాత్రమే పెడితే చాలు.

వచ్చిన అంకెల్ని పై హద్దులతో సరిచూడండి. 25 రిసోర్స్ బ్లాకులు, ఒకే యాంటెన్నా అయితే అత్యధికంగా ఒక మిల్లీసెకనులో 18336 బిట్లు, అంటే 18.3 ఎంబీపీఎస్. 802.11ఏలో 54 ఎంబీపీఎస్ రేటు మీద 1500 బైట్ల యూడీపీకి దక్కేది 30 ఎంబీపీఎస్ దగ్గర, మిగతాది ప్రియాంబుల్ (ఫ్రేమ్ ముందు వచ్చే సంకేతం), ఎదురుచూపు, ఏసీకే (అందిందని చెప్పే జవాబు) తినేస్తాయి. మీ గ్రాఫ్‌లో ఎల్‌టీఈ 25 చూపిస్తే ఎక్కడో ఏదో తప్పింది. ఒక రేడియోను పూర్తిగా ఆపేసి ఇంకోదాన్ని విడిగా నడిపి చూడటం కూడా అలవాటు చేసుకోండి. విడిగా సరైన అంకె రానిది కలిపితే రాదు.

8. ఒకే స్పెక్ట్రమ్ పంచుకునే రకం

ఇక రెండో రకం సంగతి. ఎన్‌ఎస్‌-3లో వైఫైకి రెండు ఫిజికల్ లేయర్లున్నాయి. ఉదాహరణల్లో ఎక్కువగా కనిపించే యాన్స్ మోడల్‌కు వైఫై ఫ్రేములు తప్ప వేరేవి తెలియవు. దాన్ని ఎల్‌టీఈ పక్కన పెడితే, పక్కపక్క గదుల్లో తలుపులు మూసుకుని మాట్లాడుకునే ఇద్దరిలా ఉంటాయి, ఒకరి గోల ఇంకొకరికి చేరదు. ఇంటర్‌ఫియరెన్స్ సున్నా అని వస్తుంది, అది ఫలితం కాదు. దీనికి స్పెక్ట్రమ్ వైఫై ఫిజికల్ లేయర్, మల్టీమోడల్ స్పెక్ట్రమ్ ఛానల్ వాడాలి. రెండు టెక్నాలజీల పరికరాలూ అదే ఛానల్ ఆబ్జెక్ట్‌కు తగిలి ఉండాలి, ఫ్రీక్వెన్సీలు నిజంగా కలవాలి.

మన దేశంలోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. ఎల్‌టీఈ బ్యాండ్ 40 అంటే 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్, మన 4జీలో విరివిగా వాడుతున్నదే. వైఫై ఛానల్ 1 మధ్య ఫ్రీక్వెన్సీ 2412, అది మొదలయ్యేది 2402 దగ్గర. రెండూ గోడకు గోడ. ఫోన్ 2380–2400లో పూర్తి పవర్ 23 డీబీఎంతో అప్‌లోడ్ చేస్తుంటే, పక్క ఛానల్‌లోకి లీకేజీ 30 డీబీ తక్కువగా, అంటే −7 డీబీఎం దాకా ఉండటానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఒకే ఫోన్‌లో రెండు యాంటెన్నాల మధ్య 15 డీబీ ఎడం అనుకుంటే వైఫై రిసీవర్‌కు చేరేది −22 డీబీఎం. 20 మెగాహెర్ట్జ్‌కు నాయిస్ −94 డీబీఎం దగ్గర, వచ్చే వైఫై సిగ్నల్ −60 అనుకుందాం. ఫిల్టర్ లేకపోతే వైఫై ఏమీ వినలేదు. ఫోన్లలో అంత పదునైన ఫిల్టర్లు ఎందుకు పెడతారో ఈ లెక్క చెబుతుంది.

దీన్ని సిమ్యులేట్ చేయబోతే ఒక అడ్డంకి వస్తుంది. ఎన్‌ఎస్‌-3 ఎల్‌టీఈ మాడ్యూల్ ఎఫ్‌డీడీ (అప్‌లింక్, డౌన్‌లింక్‌కు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు) మాత్రమే, బ్యాండ్ 40 టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా). కాబట్టి ఎల్‌టీఈని పూర్తిగా నడిపే బదులు, అడ్డు సిగ్నల్ మాత్రమే పంపే వేవ్‌ఫామ్ జనరేటర్ పెట్టండి. దాని పీరియడ్, డ్యూటీ సైకిల్‌తో టీడీడీ అప్‌లింక్ వంతును చూపవచ్చు, పైన వేసిన లీకేజీ లెక్కను పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీగా మీరే ఇవ్వాలి. వైఫై స్పెక్ట్రమ్ ఇంటర్‌ఫియరెన్స్ ఉదాహరణ ఫైల్లో ఇదే అమరిక ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫిల్టర్ నష్టాన్ని 0 నుంచి 60 డీబీ దాకా పెంచుతూ వైఫై వేగం ఎక్కడ కోలుకుంటుందో గీస్తే మంచి గ్రాఫ్ అవుతుంది. టీడీడీ, 5జీ నిజంగా కావాలంటే సీటీటీసీ వాళ్ల 5జీ-లీనా మాడ్యూల్‌ను కాంట్రిబ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. దాని ఏ వెర్షన్‌కు ఎన్‌ఎస్‌-3లో ఏ వెర్షన్ సరిపోతుందో విడుదల వివరాల్లో చూసి దించుకోండి, లేకపోతే కంపైల్ కాదు.

9. మళ్లీ మళ్లీ నడపడం

ఒక్క రన్ అంకెను రిపోర్టులో పెట్టకూడదు. సీడ్‌ను అలాగే ఉంచి రన్ నంబర్ మార్చుతూ కనీసం 10 సార్లు నడిపి, సగటుతో పాటు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఇవ్వండి. 10 రన్‌లకు టీ విలువ 2.262, దాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌తో గుణించి 10 వర్గమూలంతో భాగిస్తే ఇంటర్వల్‌లో సగం వస్తుంది, దాన్ని సగటుకు కలిపితే పై హద్దు, తీసేస్తే కింది హద్దు. రెండు పద్ధతుల్ని పోల్చేటప్పుడు రెండింటికీ అవే రన్ నంబర్లు వాడండి. పద్ధతి మారితే యాదృచ్ఛిక సంఖ్యల వరస కూడా జరిగిపోవచ్చు, అందుకని స్ట్రీమ్ నంబర్లను మీరే కేటాయించండి. అప్పుడే ఫోన్ రెండు చోట్లా అదే ఫేడింగ్‌ను ఎదుర్కొంటుంది.

ఎల్‌టీఈ ప్రతి మిల్లీసెకనుకూ సబ్‌ఫ్రేమ్ లెక్క వేస్తుంది, ట్రాఫిక్ లేకపోయినా. బేస్ స్టేషన్లు, ఫోన్లు పెరిగేకొద్దీ రన్ గంటల్లోకి పోతుంది. పీక్యాప్ ఫైళ్లు (ప్యాకెట్ల రికార్డులు), లాగ్‌లు ఆపేయండి. ఒక రన్ ఒకే కోర్ వాడుతుంది కాబట్టి, నాలుగు కోర్ల మెషీన్‌లో నాలుగు రన్ నంబర్లను ఒకేసారి వేరువేరు టెర్మినళ్లలో నడిపించండి. ఒక్కో రన్‌కు అవుట్‌పుట్ ఫైలు పేరులో రన్ నంబర్ ఉండేలా చూసుకోండి, లేదంటే ఒకదాని ఫలితం మీద ఇంకోటి రాసేస్తుంది.